ఎంగిలి పడని పులుసు

మా ఆయన ఈశ్వరరావుకు వంట రాదు. ఒక్క కూర వచ్చు. ఆ ఒక్క కూరతోనే కాపురం పొడవునా నన్ను వేపుకు తిన్నాడు.

పెళ్ళికి ముందు ఆయన ఘనా దేశంలో కుమాసి అనే ఊళ్ళో, బోర్లు వేసే కంపెనీలో పనిచేశాడు. అక్కడి ఇంటి ఓనరమ్మ, అకోసువా అనే పెద్దావిడ, వేరుశెనగ ముద్దతో కోడిపులుసు చెయ్యడం నేర్పిందట. దాని అసలు పేరు ఆయన నోట్లో ఒకలా, నా నోట్లో ఇంకోలా పలికేది. అందుకని ఇంట్లో దాన్ని ఆఫ్రికా పులుసు అనేవాళ్ళం. కాకినాడలో పుట్టి, కుమాసిలో ఎండకు మాడి, చివరికి ఈ పరాయి దేశంలో హౌగాంగ్ పేట‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో స్థిరపడిన మనిషి దారిలో సంపాదించుకొచ్చిన విద్య అదొక్కటే. దానికే ఎంత గర్వమో.

ఆదివారం వస్తే వంటిల్లు ఆయన చేతికి పోయేది. ఎముకలతో కొట్టించిన కోడిని అల్లం, ఉల్లిపాయ వేసి ఉడికించి ఆ నీళ్ళు పక్కన పెట్టేవాడు. టమాటా ముద్దను నూనెలో రంగు మారి నల్లబడేదాకా వేయించేవాడు. వేరుశెనగ ముద్దను ఆ కోడినీళ్ళలో పలచగా కలిపి పోసేవాడు. ఎండురొయ్యల పొడి చల్లి, బుడ్డబుడ్డగా ముడతలు పడి ఉండే ఘాటు మిరపకాయలు కొయ్యకుండా అలాగే పైన వేసేవాడు. తర్వాత మంట సన్నం చేసి, ఎర్రటి నూనె పైకి తేలేదాకా గరిటె పట్టుకుని నిలబడేవాడు. నేను మంట పెద్దది చేస్తే మళ్ళీ సన్నం చేసేవాడు. కాస్త కరివేపాకు పోపు పెడదామండీ అంటే ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

దాంట్లోకి అన్నాన్ని మెత్తగా వండి, గుండ్రటి ముద్దలు చేసి వేసుకు తినాలట. ఆ ఒక్కటీ నేను పడనివ్వలేదు. "పిండాలు పెట్టినట్టు ఏంటండీ అది, ఇంట్లో పిల్ల తిరుగుతోంది" అని కసిరేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

వండేవాడే గాని రుచి చూసేవాడు కాదు. అది నా పని, మా అమ్మాయి ప్రణవి పని. గరిటెతో బొట్టు తీసుకుని, "అరూ, చెయ్యి పట్టు" అనేవాడు. అరచేతిలో వేసి, నేను నాకేదాకా నా ముఖంలోకే చూసేవాడు. బాగుందంటే స్టవ్ కట్టేసి, చేతులు కడుక్కుని, హాల్లోకి వెళ్ళిపోయేవాడు. అననంతవరకూ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ఆయన ఆఫీసు వాళ్ళంతా ఆ పులుసుని ఆకాశానికెత్తేవాళ్ళు. నేను మాత్రం అంత తేలిగ్గా అనేదాన్ని కాదు. ఉప్పు చాలలేదనేదాన్ని, ముక్క ఉడకలేదనేదాన్ని. ఏం చెయ్యను, నా పక్కన అంతసేపు ఊరికే నిలబడే మనిషి కాదాయన. వాదించకుండా ఇంకాస్త ఉప్పు వేసి, కలిపి, మళ్ళీ చెయ్యి పట్టమనేవాడు. మేమిద్దరం తిన్నాకే కంచం ముందు కూర్చునేవాడు.

పోయింది కూడా ఆ గరిటె పట్టుకునే. పోయినేడు జూన్‌లో ఒక ఆదివారం. నేను ఉతికిన బట్టలు కిటికీ బయట ఆరేసే వెదురుగడకు ఎక్కిస్తున్నాను. "అరూ, చెయ్యి పట్టు" అన్నాడు. "వస్తున్నా, ఉండండి" అని తడిచెయ్యి నైటీకి తుడుచుకుని వచ్చి అరచెయ్యి చాపాను. ఆయన నా ముఖంలోకి చూస్తూనే ఫ్రిజ్‌కు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. గరిటెలోని బొట్టు నేల మీద పడింది. అంబులెన్సు వాళ్ళు త్వరగానే వచ్చారు. ఆస్పత్రిలో గుండె అన్నారు. ఆ మాట చెప్పడానికి డాక్టరు నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేదు.

చావు జరిగిన ఇంట్లో వండిన వంట ఉంచకూడదు. మేం ఇంటికి తిరిగొచ్చేసరికి తారాదేవి ఆంటీ పులుసంతా పారబోసి, గిన్నె తోమి బోర్లించింది. బిషాన్ పేట‌లో ఉండే ఈ ఆంటీ మాకు చుట్టం కాదు. మేమంతా పుట్టకముందే వచ్చిందా అన్నంత కాలంగా ఈ ఊళ్ళో ఉంది. ఇక్కడ తెలుగువాళ్ళింట్లో పెళ్ళయినా చావైనా పద్ధతి చెప్పేది ఆవిడే. ఆవిడని తప్పు పట్టలేను, ఆచారం అది. కానీ ఆ పులుసుని ఎవరూ రుచి చూడలేదు.

పదో రోజున పిండం పెడితే కాకి ముట్టలేదు. ఎదురుగా ఉన్న గోడ మీద కూర్చుని చూసింది, ఎగిరిపోయింది. నెల మాసికానికీ అంతే. ఈ ఊళ్ళో కాకి దొరకడమే గగనం. పక్షులకు తిండి వెయ్యొద్దని మా లిఫ్టు పక్కన నోటీసు కూడా అంటించారు. ఆంటీ దానికీ ఉపాయం చెప్పింది. వంటింటి కిటికీ బయట, వెదురుగడలు గుచ్చే గొట్టాల పక్కన చిన్న ఆకుముక్క పెట్టమంది. ఎవరైనా అడిగితే వడియాలు ఆరబెట్టాం అని చెప్పమంది. మైనాలు వచ్చి పులిహోర, గారెలు ఎగబడి తిన్నాయి. ఎదురు బ్లాకు మీద కాకి మాత్రం మెడ వంచి చూస్తూ కూర్చుంది. మైనాలు లెక్కలోకి రావంది ఆంటీ.

అప్పటికే ఆయన ఇంట్లో ఉన్నాడు.

మొదట వాసన. ఆదివారం మధ్యాహ్నం, స్టవ్ మీద ఏమీ లేనప్పుడు, వేరుశెనగ ముద్ద నూనె వదులుతున్న వాసన. పక్కవాళ్ళు వేరుశెనగ పచ్చడితో తినే సాతే కబాబులు చేసుకుంటున్నారేమో అనుకున్నాను. పక్కవాళ్ళు ఊళ్ళో లేరు. తర్వాత మంట. పప్పు కుక్కర్ పెద్ద మంట మీద పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేసరికి సన్నం అయ్యుండేది. ఒకసారి గ్యాస్ నాబు నా కళ్ళముందే తిరిగింది. చివరికి మనిషే. కనపడలేదు. కానీ నా ఎడమ భుజం వెనకాల, ఆయన నిలబడే చోట, ఎవరో నిలబడ్డ వెచ్చదనం. ఏమీ అడగడు, ఏమీ చెయ్యడు. ఎదురుచూస్తున్నట్టు నిలబడతాడు.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. "ఏంటండీ ఇది! చెప్పా పెట్టకుండా పోయేది మీరే, మళ్ళీ వచ్చి నా నెత్తి మీద నిలబడేదీ మీరేనా?" అని గట్టిగా అరిచాను కూడా. ఆయన కదల్లేదు. బతికుండగా నా అరుపులకు కదిలిన మనిషైతే కదా. ఆ పూట ఆయన నిలబడ్డ వైపే తిరిగి అన్నం తిన్నాను. ఆయన పోయాక కడుపునిండా తిన్నది అదే మొదలు.

ప్రణవికి మాత్రం అది భయమే. యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి కూతురు. ఒక ఆదివారం వంటింటి పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో చదువుకుంటోంది. ఎడమచెయ్యి వెల్లకిలా బల్ల మీద ఉంది. ఒక్కసారిగా "అమ్మా!" అని కేక పెట్టింది. పరుగెత్తి చూస్తే అరచేతి మధ్యలో చింతగింజంత మేర ఎర్రగా కమిలి ఉంది. వేడి బొట్టేదో పడిందంది. తడి లేదు. వాసన చూశాను. వేరుశెనగ, ఎండురొయ్య. నేను చెయ్యి వదల్లేదు, అది లాక్కుంది.

"నువ్వు స్మైల్ చేస్తున్నావ్ అమ్మా" అంది, ఏడుస్తూ. "దిస్ ఈజ్ నాట్ నార్మల్. నువ్వెలా స్మైల్ చేస్తావ్?"

వారం తిరక్కుండా హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఇక్కణ్ణుంచి రైలెక్కితే గంటలో వచ్చే పిల్ల, పండక్కి కూడా రావడం మానేసింది. నేనే వెళ్ళి కింద క్యాంటీన్‌లో కూర్చుని చూసొచ్చేదాన్ని. చిక్కిపోయింది. లైటు వేసుకునే పడుకుంటోందని రూమ్మేటు చెప్పింది. "నాన్న వెళ్ళిపోతేనే నేను ఇంటికొస్తా. అంతవరకు రాను. కోపం కాదు అమ్మా, నా వల్ల కాదు" అంది. నాన్న వెళ్ళిపోతే, అన్న మాట దాని నోటివెంట విన్నాక ఆ రోజు నాకు రైల్లో దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

తారాదేవి ఆంటీకి చెప్పక తప్పలేదు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "పావం, పసితో తిరుగుతున్నాడు" అంది, తమిళం తెలుగు కలిపేసే ఆవిడ మామూలు ధోరణిలో. పసి అంటే ఆకలి. "ఆఖరుసారి వండుకున్నది నోట్లో పెట్టుకోకుండా పోయాడు కదా అమ్మా. అది వండి పెట్టు, తిని వెళ్తాడు. కానీ ఒకటి, మడిగా వండాల. పెద్దలకు పెట్టేది ఎంగిలి పడకూడదు. కాకి ముట్టేదాకా నువ్వు నాలిక్కి తగిలించకూడదు. ఉప్పు కూడా అందాజుగానే ఎయ్యాల."

ఆవిడ చెప్పినట్టే చేశాను. నెలనెలా ఆయన తిథికి తలంటు పోసుకుని, ఆయన చేసినట్టే ఆఫ్రికా పులుసు వండాను. బతికుండగా నేను వద్దని కసిరిన అన్నం ముద్దలు కూడా నా చేత్తోనే గుండ్రంగా చేసి పులుసులో పెట్టాను. రుచి చూడలేదు. కాకి రాలేదు. సాయంత్రం దాన్నే అన్నంలో కలుపుకుంటే ఒక నెల ఉప్పు కషాయం, ఒక నెల పచ్చివాసన, ఒక నెల ఘాటుకి కళ్ళు కనపడలేదు. ఒక్కసారి కూడా అది ఆయన పులుసు కాలేదు.

ఉన్నమాట చెప్పుకోవాలి. కాకి రానప్పుడల్లా నేను ఏడవాలి. ఏడ్చేదాన్ని కాదు. హమ్మయ్య అనుకునేదాన్ని. ఆకలితో తిరుగుతున్నాడని ఆంటీ అన్నప్పుడు భయం వేసేది, కానీ వెళ్ళిపోతాడంటే అంతకన్నా భయంగా ఉండేది. ఒకవైపు ఆయన, ఒకవైపు పిల్ల. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండడానికి లేదు.

సంవత్సరీకం దగ్గరపడింది. ఏడాది తిరిగాక కూడా కదలకపోతే ఇక ఆ గడప దగ్గరే కట్టుబడిపోతాడు, అది ఆయనకూ మంచిది కాదు నీకూ మంచిది కాదు అంది ఆంటీ. హాస్టల్ గది ఇంకో ఏడాదికి తీసుకోవాలా వద్దా తేల్చుకోవాలని ప్రణవి మెసేజ్ పెట్టింది. ఆఖరిసారి సరిగ్గా వండాలి, పంపెయ్యాలి అని నాకు నేను చెప్పుకున్నాను. నా కూతురు నాకు కావాలి.

ఆ రోజు పొద్దున్నే ప్రణవి వచ్చింది. చెప్పులు విప్పి, హాల్లో ఫొటోకు దణ్ణం పెట్టి, వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలికి రాలేదు. ఆంటీ హాల్లో దీపం ముందు కూర్చుని వత్తులు చేసుకుంటోంది. నేను కోడిని ఉడికించాను. టమాటా ముద్ద నల్లబడింది. వేరుశెనగ ముద్ద కలిపి పోశాను. మిరపకాయలు వేశాను. మంట సన్నం చెయ్యాల్సిన అవసరం రాలేదు, అదే సన్నం అయింది. ప్రణవి చూసింది. గుమ్మం పట్టుకున్న దాని వేళ్ళు తెల్లబడ్డాయి. అయినా వెనక్కి పోలేదు.

ఎడమ భుజం వెనకాల ఆయన వచ్చి నిలబడ్డాడు.

నేను ఉప్పు అందాజుగా వెయ్యబోతుంటే ప్రణవి అడిగింది. "టేస్ట్ చెయ్యవేంటమ్మా?"

"పెద్దలకు పెట్టేది ఎంగిలి చెయ్యకూడదే. ముందు నాన్న తినాలి."

"నాన్న ఎప్పుడైనా మనకంటే ఫస్ట్ తిన్నారా?"

నా చేతిలో ఉప్పు అలాగే ఉండిపోయింది. ఈ ఏడాదంతా మడి, తలస్నానం, ఆకు, కాకి అంటూ నేను ఎవరికి వడ్డించాను? మేం తినందే కంచం ముందు కూర్చోని మనిషి ముందు, ఎవరూ ముట్టని పులుసు పెట్టి తినమన్నాను. ఆయనకు కావల్సింది తిండి కాదు. ఒక్క మాట. అది వినకుండా పోయాడు, అది వినేదాకా నిలబడ్డాడు. ఇంతకన్నా తెలివితక్కువ పని నేను చెయ్యలేదు, ఆంటీ చెయ్యలేదు.

గరిటెతో బొట్టు తీసి నా అరచేతిలో వేసుకున్నాను. కాలింది. నాకాను. పచ్చివాసన ఇంకా ఉంది. "వేరుశెనగ ఉడకలేదండీ" అన్నాను పైకే. భుజం వెనక వెచ్చదనం కాస్త ముందుకు వంగింది. కలిపాను, ఆగాను, మళ్ళీ చూశాను. "ఉప్పు చాల్లేదు." వేశాను. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. మేమిద్దరం పక్కపక్కన నిలబడి వండుకుంటున్నాం. నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ వంట చెయ్యలేదు. ఎర్రటి నూనె మెల్లగా పైకి తేలింది. ఇంకో బొట్టు అరచేతిలో వేసుకున్నాను.

అదీ. అదే పులుసు. ముందు వేరుశెనగ కమ్మదనం, దాని వెనకే ఎండురొయ్య, అంతా అయిపోయిందనుకున్నాక గొంతు దగ్గర రాజుకునే ఘాటు. ఆయన చేసిన రోజు కూడా ఇంత సరిగ్గా కుదిరిందో లేదో.

కిటికీ బయట రెక్కల చప్పుడైంది. కాకి. ఎదురు బ్లాకు మీద కాదు, మా వెదురుగడ గొట్టం మీదే వచ్చి కూర్చుంది. నా వైపు మెడ తిప్పి చూసింది. ఆయన కూడా నా ముఖంలోకే చూస్తున్నాడని నాకు తెలుసు. బాగుంది. ఒక్క మాట. అంటే స్టవ్ కట్టేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. ఈసారి హాల్లోకి కాదు. నాలుగు అక్షరాలు కూడా లేని ఆ మాట కోసం ఒక మనిషి చచ్చి ఏడాది పాటు నా వంటింట్లో నిలబడ్డాడు. చెప్పకపోతే నేను ఆడదాన్నే కాదు. గుమ్మం దగ్గర నా కూతురు ఉంది, దాని పక్క మీద దుప్పటి ఏడాదిగా మడత విప్పకుండా ఉంది. చెప్పాలి. నాకు ఇష్టం లేదు, అయినా చెప్పాలి. ఊపిరి పీల్చుకున్నాను.

"అమ్మా, ఆగు" అంది ప్రణవి.

గుమ్మం దాటి లోపలికి వచ్చింది. నా పక్కన, ఆయన లేని వైపు నిలబడి, మచ్చ పడిన అరచెయ్యి చాపింది. నేను గరిటెతో బొట్టు వేశాను. కళ్ళు మూసుకుని నాకింది.

దాని ముఖం ఏమైందో ఎలా చెప్పను? చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గిన పొద్దున ఆ ముఖం అలాగే ఉండేది. కళ్ళు తెరిచి నా భుజం వెనక్కి చూసింది. అక్కడ ఎవరు కనిపించారో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. చాలాసేపు చూసింది. బాగుందని అదే చెప్పేస్తుందనుకున్నాను. ఒక రకంగా నయమే, ఆ మాట నా నోటివెంట రాకుండా పోతుంది అనుకున్నాను.

"ఉప్పు తక్కువైంది నాన్నా" అంది.

ఉప్పు సరిగ్గా ఉంది. అది నాకు తెలుసు. దానికీ తెలుసు. నా వైపు తిరగకుండా చెయ్యి మాత్రం చాచి, నా కొంగు గుప్పిట్లో పట్టుకుంది. వెనకాల ఆయన కదిలాడు. వెళ్ళడానికి కాదు.

హాల్లోంచి వంటింటి కిటికీ కేసి తొంగిచూసి ఆంటీ పిలిచింది. "ఏమ్మా అరుంధతీ, కాకి వచ్చి కూర్చుంది చూడు! తొందరగా తే. అయిందా వంట?"

"ఇంకా లేదు ఆంటీ" అన్నాను. "చాలా టైం పడుతుంది."